అప్‌డేట్: బాబు ఉచ్చకు బెల్లంపాకం వాసన ఎందుకో తెలిసింది

పోయిన నెల అడిగిన కదా, దేవరకొండల మా అక్క కొడుకు ఐదో రోజుకే పాలు తాగుతలేడు, మత్తుగ పడుంటుండు, ఉచ్చగుడ్డలు బెల్లంపాకం వాసనొస్తున్నయని. బాలింతకు పెట్టే మెంతుల వాసనే అన్నది అమ్మ (మెంతులతోని గూడ అసొంటి వాసనొస్తదంట, డాక్టరే చెప్పిండు). హైదరాబాద్‌ల మడమకు సూది గుచ్చి రక్తం చుక్కలు కార్డు మీద ఆరబెట్టి టీఎంఎస్ టెస్టుకు (రక్తంల ఏ పదార్థం ఎంతుందో కొలిచే టెస్టు) పంపిన్రు, ల్యూసిన్ మస్తు ఎక్కువుంది, మేపుల్ సిరప్ యూరిన్ డిసీజ్ అంట. అంటే పాల ప్రోటీన్ల ఉండే ల్యూసిన్, ఐసోల్యూసిన్, వాలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్ సరిగ పనిచేయదు, అవి పేరుకుపోయి మెదడుకు దెబ్బ. మేనరికం, అక్క బావ ఇద్దరూ క్యారియర్లే (వాళ్లకు రోగం లేదు గని లోపమున్న జీన్ ఉంది), ప్రతి కాన్పుకు బిడ్డకు వచ్చే ఛాన్స్ 25 శాతం. అక్క అత్త మా సొంత మేనత్తే, అయినా తప్పంతా అక్కదే అంటది, ఇద్దరి నుంచీ వస్తేనే గద వచ్చేది! ఇప్పుడు ఆ మూడూ లేని స్పెషల్ పాలపొడి, తల్లిపాలు కొలిచి కొంచెమే. నిన్న గట్టిగ ఏడ్చిండు, అక్క నవ్వింది.