ఫైలింగ్ అంతా సాఫ్ట్‌వేరే చేస్తుంటే అకౌంట్స్‌ల నలుగురెందుకు?

గ్రానైట్_కరీంనగర్:
సూటిగనే అడుగుత. ఓ మోస్తరు గ్రానైట్ కంపెనీ అనుకోండ్రి. కరీంనగర్‌ల కటింగ్ యూనిట్, విజయవాడల డిపో, నెలకు 400 కొనుగోలు బిల్లులు. బిల్లు కొట్టంగనే ఐఆర్ఎన్ (సర్కారు పోర్టల్ ఆ బిల్లుకిచ్చే నంబర్) వస్తది, జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్న్) దానంతటదే నిండుతది, 2బి (సప్లయర్లు మన పేర ఎక్కించిన బిల్లుల లిస్టు) దింపుకుంటే సాఫ్ట్‌వేర్ పోల్చి 96 శాతం మ్యాచ్ అని చూపెడ్తది. ఇగ నలుగురెందుకు? ఇద్దరు సాలరా?

హన్మకొండ_ఆడిట్:
ఎర్రగా కనబడే ఆ 4 శాతం ఎవరో ఒకరు చూస్తారు. పచ్చగా ఉన్న 96ని ఎవరూ తెరవరు, చిక్కంతా అక్కడే.

మీ కంపెనీనే తీసుకుందాం. డైమండ్ సెగ్మెంట్లు (రాయి కోసే బ్లేడు పళ్లు) కరీంనగర్‌కు వచ్చాయి, బిల్లు రూ. 1,20,000, పన్ను 18 శాతం చొప్పున రూ. 21,600. సప్లయర్ మీ 36 (తెలంగాణ) నంబర్‌కు బదులు డిపో 37 (ఆంధ్రప్రదేశ్) నంబర్ వేశాడు. జీఎస్టీ నంబర్‌లో 15 అక్షరాలు: మొదటి రెండూ రాష్ట్రం, తర్వాతి పది పాన్. సాఫ్ట్‌వేర్‌ను పాన్‌తో పోల్చేలా పెట్టి ఉంటే 36, 37 తేడా దానికి పట్టదు, మ్యాచ్ అనేస్తుంది. క్రెడిట్ (కొనుగోలు మీద కట్టి, మన పన్నులో తగ్గించుకునే పన్ను) చూస్తే విజయవాడ 2బిలో కూర్చుంది. కరీంనగర్ 3బిలో (పన్ను కట్టే నెలవారీ రిటర్న్) వాడుకున్నారా, నోటీసు వస్తుంది. పోలిక మొత్తం 15 అక్షరాలతో పెట్టించండి. సప్లయర్ సరిచేసేదాకా ఆ 21,600 పక్కన పెట్టాలి. జీఎస్టీఆర్-1ఏలో (అదే నెల జీఎస్టీఆర్-1ను దిద్దే ఫారం) కొనుగోలుదారు నంబర్ మార్చనివ్వదు, తర్వాతి నెల జీఎస్టీఆర్-1 దాకా ఆగాల్సిందే.

గ్రానైట్_కరీంనగర్:
గది సెట్టింగ్ తప్పు సార్. ఒక్కసారి సరిచేస్తే అయిపాయె. దానికి నెలనెల జీతమియ్యాల్నా?

ఓరుగల్లు_జీఎస్టీ:
ఒక్కసారితో అయిపోదన్నా. 2025 సెప్టెంబర్ 22న గ్రానైట్ బ్లాకుల పన్ను 12 నుంచి 5 శాతానికి దిగింది, పాలిష్ పలకలు 18లోనే ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ మాస్టర్‌లో (సరుకుల, రేట్ల పట్టిక) రెండూ ‘గ్రానైట్’ అని ఒకే ఐటమ్ కింద ఉంటే? రోజంతా తప్పు బిల్లులే, మహా శ్రద్ధగా కొడుతూ పోతుంది. ఐఆర్ఎన్ ఇచ్చే పోర్టల్ కూడా ఆపదు. అది కూడికలు సరిపోయాయా అని చూస్తుంది, ఆ రాయికి ఆ రేటేనా అని అడగదు. రద్దు చేసుకోవడానికి 24 గంటలే గడువు.

అసలు తలనొప్పి ఐఎంఎస్, అంటే సప్లయర్ల బిల్లులకు పోర్టల్‌లో మనం జవాబిచ్చే చోటు. 2024 అక్టోబర్ నుంచి సప్లయర్ ఎక్కించిన ప్రతి బిల్లునూ ఒప్పుకోవాలి, తిరస్కరించాలి, లేదా పెండింగ్‌లో పెట్టాలి. ఏదీ నొక్కకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. ఎవడో పొరపాటున మీ మీద క్రెడిట్ నోట్ (బిల్లు మొత్తాన్ని తగ్గించే పత్రం) వేస్తే, చూడకుండా వదిలేసిన పాపానికి మీ క్రెడిట్ తగ్గుతుంది. తిరస్కరిస్తే అవతలివాడి పన్ను పెరుగుతుంది, వెంటనే ఫోన్ వస్తుంది. సరుకు దిగిందో లేదో, పలక పగిలిందో లేదో యార్డులో అడిగి జవాబు చెప్పే మనిషి కావాలి. 14న 2బి వచ్చాక ఐఎంఎస్‌లో ఏది మార్చినా మళ్లీ కంప్యూట్ నొక్కాలి, చాలామంది మరిచిపోయేది ఇదే. పైగా 2025 జులై నుంచి 3బిలో అమ్మకాల పన్ను చేత్తో దిద్దడానికి లేదు. తప్పుంటే 3బి కన్నా ముందే 1ఏలో సరిచేయాలి. 3బి గడువు 20న కూర్చుని సర్దుకునే కాలం పోయింది.

పెద్దపల్లి_పేరోల్:
పేరోల్ వరకైతే గ్రానైట్ అన్న మాటే కరెక్టు. హాజరు సరిగ్గా ఉంటే ఈసీఆర్ (పీఎఫ్ నెలవారీ రిటర్న్) ఫైలు గంట పని. ఆగేదల్లా యూఏఎన్ (ఉద్యోగి పీఎఫ్ నంబర్) దగ్గరే. 2025 ఆగస్టు 1 నుంచి కొత్తవాళ్లకు ఉమంగ్ యాప్‌లో ముఖం చూపించి తీయాలి. (రాతి పనితో వేళ్లు అరిగినోళ్లకు వేలిముద్ర కన్నా ఇదే నయం.) ఒడిశా, బీహార్ నుంచి వచ్చినవాళ్ల ఆధార్‌కు పాత ఫోన్ నంబర్ ఉంటే ఓటీపీ రాదు. అందుకే చేరిన రోజే గేటు దగ్గర చేయించాలి. 14న మొదలుపెడితే 15 గడువుకు ఆ మనిషి ఈసీఆర్‌లో ఉండడు.

హన్మకొండ_ఆడిట్:
ఇద్దరితో ఇంకో చిక్కు. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎడిట్ లాగ్ (ఏది ఎప్పుడు ఎవరు దిద్దారో రాసుకునే చిట్టా) ఉండి తీరాలి, ఆపేసే వీలు ఉండకూడదు. ఆడిటర్ దాని మీద రిపోర్టులో రాయాలి. ఇద్దరూ ఒకే ‘అడ్మిన్’ లాగిన్‌తో పనిచేస్తే లాగ్‌లో దిద్దింది ఎవరో తేలదు. వేరే లాగిన్లు ఇచ్చినా, ఒకరు సెలవు పెట్టిన రోజు బిల్లు ఎక్కించేదీ ఆమోదించేదీ ఒకే చెయ్యి.

గ్రానైట్_కరీంనగర్:
సరే, ముగ్గురి కాడికొచ్చిన. ఎంట్రీకి ఒకడు, ఐఎంఎస్‌కు, యార్డుకు ఒకడు, ఆమోదానికి ఒకడు. పేరోల్ మూడోడే చూసుకుంటడు. నాలుగోడి ముచ్చట 14 దాటినంక మాట్లాడుకుందాం, అప్పటిదాక 2బి రాదు గద.