భావనాగమ్యా: ఆ ‘నా’లో ఒక ‘అ’ దాగి ఉందా?

గంటం:
రెండు రోజులుగా ఒక వాక్యం పట్టుకుని వదలడం లేదు. సంకల్పాలే కల్పతరువులు అని అర్థం వచ్చే సంస్కృతం, ఆ వెంటనే ‘తేజః’ అని మొదలయ్యే ఇంకో ముక్క. లలితా సహస్రంలో ‘భవానీ భావనాగమ్యా’ గురించి చదివేటప్పుడు కనబడ్డట్టు గుర్తు. ఎక్కడిది? దానితోనే ఇంకో చిక్కు. ఆ నామం భావనా + గమ్యానా, భావనా + అగమ్యానా? మొదటిదైతే అమ్మ ఊహతో దొరుకుతుంది, రెండోదైతే ఊహకు అందదు. ఒక్క అకారంతో ఉపాసన అంతా తలకిందులవుతోంది.

వట్రసుడి:
భావనోపనిషత్తు. ‘సంకల్పాః కల్పతరవః, తేజః కల్పకోద్యానం’. దానికి ముందు ‘దేహో నవరత్నద్వీపః’ అని ఉంటుంది. ఒళ్లే రత్నద్వీపం, దాని మీద తోట, తోటలో చెట్లు మన సంకల్పాలు. ఉపనిషత్తు అంతా ఇదే వరస. తొమ్మిది రంధ్రాల దేహం తొమ్మిది చక్రాల శ్రీచక్రం. నాలుక మీది ఆరు రుచులు ఆరు ఋతువులు. మనసు చెరకువిల్లు, శబ్దం మొదలైన తన్మాత్రలు (ఇంద్రియాలకు అందే వాటి సూక్ష్మరూపాలు) ఐదు పూలబాణాలు, రాగం పాశం, ద్వేషం అంకుశం. చివర కొలత కూడా ఇచ్చింది: మూడు ముహూర్తాలు, లేదా రెండు, కనీసం ఒక్కటి ఇలా భావనాపరుడై ఉంటే జీవన్ముక్తుడు. ముహూర్తం 48 నిమిషాలు కనుక పైలెక్క 144 నిమిషాలు. ఇంత విధానం చెప్పాక ‘అగమ్యా’ ఎలా కుదురుతుంది?

అరసున్న:
ఉపనిషత్తు తెచ్చి నామం మీద పెట్టే ముందు సంధి చూడాలి. సవర్ణదీర్ఘంలో అకారం ఆనవాలు లేకుండా మునిగిపోతుంది, అందుకే ఇక్కడ రెండూ చెల్లుతున్నాయి. ఈ నామం 113వది. 119 చూడండి, ‘భక్తిగమ్యా’. అక్కడ అగమ్యా అయితే యణాదేశం వచ్చి ‘భక్త్యగమ్యా’ కావాలి, కాలేదు. 641 ‘ధ్యానగమ్యా’. అక్కడ అగమ్యా అయితే ‘ధ్యానాగమ్యా’ అని దీర్ఘం రావాలి, రాలేదు. భక్తికీ ధ్యానానికీ సందేహం లేకుండా చెప్పిన నోరు భావన దగ్గర మాత్రం తలుపు ఓరగా వేసింది. పైగా 415 ‘మనోవాచామగోచరా’. మనసుకే గోచరం కానిది మనసు చేసే ఊహకు ఎలా చిక్కుతుంది? నాది అగమ్యా పక్షం.

బండి-ఱ:
ఛందస్సు తీరుస్తుందేమోనని చూశాను. భ-వా-నీ-భా-వ-నా-గ-మ్యా, ఎనిమిది. అనుష్టుప్పు బేసి పాదంలో ఐదోది లఘువు, ఆరు ఏడు గురువులు కావాలి. ‘వ’ లఘువు, ‘నా’ గురువు, ‘మ్య’ ముందున్న ‘గ’ గురువు. కుదిరింది, కానీ రెండు విరుపులకూ ఇదే కుదురుతుంది. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. అర్థం తెలియాలని పారాయణలో ‘భావనా అగమ్యా’ అని విడదీసి చదివితే తొమ్మిది అక్షరాలై పాదం చెడుతుంది. అర్చనలో ‘భావనాగమ్యాయై నమః’ అన్నా గుట్టు విప్పదు. మునిగిన అకారాన్ని చూపే అవగ్రహం పెట్టి ‘భావనాఽగమ్యా’ అని అచ్చువేస్తే అది పాఠం కాదు, అచ్చువేసినవారి నిర్ణయం.

వట్రసుడి:
అరసున్న గారూ, మీ వాదమంతా భావన అంటే ఊహ అన్న నేటి తెలుగు అర్థం మీద నిలబడింది. ధాతువు ‘భూ’, ప్రేరణార్థకం ‘భావయతి’, అంటే అయ్యేలా చేయడం. వేదవాక్యాల అర్థం తేల్చే మీమాంసకులు భావనను నిర్వచించినదీ ఇలాగే: పుట్టబోయేదాని పుట్టుకకు అనుకూలంగా పుట్టించేవాడు చేసే వ్యాపారం. అందులో శాబ్దీ, ఆర్థీ అని రెండు. ‘యజేత’ (యాగం చేయాలి) అన్న మాట మనిషిని కదిలిస్తే శాబ్దీ, కదిలినవాడు ఫలాన్ని సాధించడానికి చేసేది ఆర్థీ. లలితా సహస్రానికి రాసిన వ్యాఖ్య సౌభాగ్యభాస్కరంలో భాస్కరరాయలు ఈ రెంటినీ ఎత్తుకున్నది ఊరికే కాదు. భావనోపనిషత్తుకు భాష్యం రాసి, దాన్ని ఆచరించే ప్రయోగవిధి విడిగా కూర్చినవాడు కూడా ఆయనే. ఈ అర్థంలో భావన సృష్టించే బలం. ఛాందోగ్యోపనిషత్తులో ‘తదైక్షత బహు స్యాం’ (అది చూసింది, అనేకం అవుదునని) అని చూడటంతోనే లోకం మొదలైంది కదా, ఆ చూపు లాంటిది.

కల్వం:
వైద్యంలోనూ ఈ మాట ఉంది, దాన్ని ఎవరూ తేవడం లేదు. ఉసిరి చూర్ణానికి ఉసిరి రసంతోనే భావన ఇస్తారు. చూర్ణమంతా తడిసి ముద్దయ్యేంత రసం, అంతకు మించి వద్దు. కల్వంలో (మందులు నూరే రాతిలో) నూరాలి, ఆరాలి, మళ్లీ రసం. సాధారణంగా 7 సార్లు, గట్టిగా చేసేవారు 21. రసం ఎక్కువైతే ఆరేలోపే పులుస్తుంది. పూర్తిగా ఆరకముందే రెండో భావనకు దిగితే బూజు. రసం తక్కువైతే పైపైన అంటుతుంది, లోపలికి ఇంకదు. ఇక్కడ బయటి నుంచి కొత్త వస్తువేదీ రాలేదు. ఉసిరిలోకి ఉసిరే మళ్లీ మళ్లీ ఇంకింది. దేహాన్ని శ్రీచక్రంగా భావించడమూ ఈ పనే అని నా అభిప్రాయం. ఒక్కసారి అనుకుంటే ఊహ, తడిసి ఆరి తడిసి ఆరితే భావన.

వట్రసుడి:
మీ ఉసిరి చూర్ణం ఉపనిషత్తుకు చక్కగా అతుకుతుంది. ఎనిమిది కోణాల్లోని వశిని మొదలైన వాగ్దేవతలు ఎవరో చూడండి: శీతం, ఉష్ణం, సుఖం, దుఃఖం, ఇచ్ఛ, సత్త్వం, రజస్సు, తమస్సు. పద్నాలుగు కోణాలకు పద్నాలుగు నాడులు. చలి వేస్తోంది, ఆ చలి అమ్మ శక్తి. ఇందులో లేనిదాన్ని కల్పించేది ఏముంది? సాధన తప్పేది కూడా ఇక్కడే. కళ్లు మూసుకుని ఎర్రచీర, కిరీటం, సింహాసనం చిత్రిస్తూ కూర్చుంటారు, ఒంటికి తగిలిన చలిని మాత్రం అడ్డంకి అనుకుని తోసేస్తారు.

అరసున్న:
అలాగైతే త్రిపురారహస్యంలో గండశైలం కథను ఏం చేస్తారు? ముని కుమారుడు ఆ కొండలో తన భావనతోనే సూర్యచంద్రులున్న లోకం కట్టి మహాసేనుడనే రాజకుమారుణ్ణి అందులోకి తీసుకెళ్లాడు. అది ఉన్నదాన్ని గుర్తుపట్టడం కాదు, అచ్చమైన కల్పన. అక్కడ చెప్పిన నియమం కూడా కచ్చితమైనది: మధ్యలో వేరే వికల్పం (మరో తలపు) తగలకుండా నిలిచిన భావనే సత్యమవుతుంది, ‘ఇది నిజమా’ అన్న తలపు ఒక్కటి దూరితే చెదిరిపోతుంది. మన ఊహలన్నీ చెదిరే రకమే. ఛాందోగ్యం ‘సత్యసంకల్పః’ (సంకల్పించింది నిజమయ్యేవాడు) అన్నది అందరినీ కాదు. కాబట్టి మన భావనకు అగమ్యా.

గంటం:
అంటే నామానికి రెండు అర్థాలూ అధికారిని, అంటే సాధకుడి అర్హతను బట్టా?

బండి-ఱ:
దానికి ముందు నామం మరిచిపోతున్నారు. 112 ‘భవానీ’. సౌందర్యలహరి 22వ శ్లోకంలో భక్తుడు ‘భవాని, త్వం దాసే మయి’ అని మొదలుపెట్టబోతాడు. ‘భవాని త్వం’ అనేసరికే అమ్మ దాన్ని ‘నేను నువ్వు అవుదును గాక’ అని విని సాయుజ్యం (తనలో ఐక్యం) ఇచ్చేస్తుంది. సంబోధన భవాని, లోట్ (‘గాక’ అనే అర్థమిచ్చే క్రియారూపం) ఉత్తమపురుష ఏకవచనం భవాని, రెండింటికీ ఒకే రూపం. సహస్రంలో ఆ భవాని పక్కనే భావన, రెండింటి వెనకా ‘భూ’ ఉంది. అవుదును అన్నవాడి పక్కన అయ్యేలా చేసేది. ఇది యాదృచ్ఛికం అనుకోను.

అరసున్న:
సంబోధనలో ‘ని’ హ్రస్వం, సహస్రంలో ‘నీ’ దీర్ఘం. ఆ శ్లేష ఇక్కడికి రాదు. పైగా దేవత పేరుకు భవుని భార్య అని వ్యుత్పత్తి ఉండనే ఉంది.

బండి-ఱ:
భవుడు మాత్రం ఏ ధాతువు నుంచి వచ్చాడు?

కల్వం:
మన పోతన ఈ దాగిన అకారాన్ని ఎలా వాడాడో చూడండి. ‘లోకంబులు లోకేశులు / లోకస్థులు దెగిన తుది నలోకంబగు పెం / జీకటి కవ్వల’. రెండో పాదంలో యతి ‘లో’కూ ‘లో’కూ. చెవికి లోకం, లోకం అనే మోగుతుంది, దాని ముందు ‘న’లో దూరిన అకారం మొత్తం లోకాన్ని చెరిపేస్తుంది. అలోకం అయ్యాక పెంజీకటి, దానికీ అవ్వల ఏకాకృతితో వెలుగు. ఊహ ఆగిపోయే చోటును ఊహలోకి తెచ్చి చూపించాడు. గమ్యమా, అగమ్యమా?

వట్రసుడి:
ఆ పద్యానికి నమస్కారం. కానీ ఈ చర్చకు పోతన నుంచి తేవలసింది ‘అమ్మలఁ గన్నయమ్మ’. ‘తన్ను లో / నమ్మిన వేల్పుటమ్మల మనమ్ముల నుండెడియమ్మ’. పాదం ‘లో’ దగ్గర విరిగి కింద ‘నమ్మిన’ వచ్చింది. లోపల నమ్మినవారి మనసుల్లో ఉంటుంది, అంటే గమ్యా. ఉండి ఏమిస్తుంది? ‘మహత్త్వ కవిత్వ పటుత్వ సంపదల్’. మనసులో ఉన్న తల్లినే కవిత్వం అడిగాడు. ఊహ దైవశక్తి అనడానికి తెలుగులో ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

బండి-ఱ:
ఉదాహరించేటప్పుడు అదే పద్యంలో ‘కడుపాఱడి’ని బండి ఱతో రాయాలని గుర్తుంచుకోండి. చాలా అచ్చుల్లో ‘ర’ పడి, దాన్ని ‘కడుపార’ అని ‘తృప్తిగా’ అనుకునేవారు తయారయ్యారు. కడుపు + ఆఱడి. సురారుల తల్లికి కడుపుకోత పెట్టిన అమ్మ.

అరసున్న:
‘కడుపు + ఆఱడి’ ఒప్పుకుంటాను. ‘వుచ్చిన’ అని గసడదవాదేశంతో (ప వ గా మారి) ఉన్న ప్రతులు ఉన్నాయి, ‘పుచ్చిన’ ఉన్నవీ ఉన్నాయి. మీరు ఏది పట్టుకుంటారు?

గంటం:
ఉపనిషత్తు పేరు చెప్పినందుకు వట్రసుడి గారికి కృతజ్ఞతలు. ‘తేజః కల్పకోద్యానం’ దగ్గర ఆగిపోయాను. చెట్లు సంకల్పాలైతే, అవి మొలిచిన తోట తేజస్సు అంటున్నాడు. ఆ తేజస్సు మనసుదా, అమ్మదా?

బండి-ఱ:
‘వుచ్చిన’. ‘ఆఱడి’ చివర ద్రుతం (నకారం) లేదు, ప్రథమ మీద పరుషం కనుక.