కోడింగ్ ఇంటర్వ్యూకి పుస్తకం పట్టుకోవాలా, ప్రాబ్లమ్ షీట్ చాలా?

గాజువాక గుంటడు:
ఫైనల్ ఇయర్ సీఎస్ఈ, ఆఫ్ క్యాంపస్‌కి, అంటే కాలేజీ బయట జరిగే ఇంటర్వ్యూలకి రెడీ అవుతున్నా, చేతిలో నాలుగు నెలలున్నాయి. మా బ్యాచ్‌లో సగం మంది 'క్రాకింగ్ ది కోడింగ్ ఇంటర్వ్యూ' కొనమంటున్నారు. మిగతా సగం పుస్తకానికి డబ్బులు దండగ, లీట్‌కోడ్ సైట్ తెరిచి నీట్‌కోడ్ 150 అనే ప్రాబ్లమ్ షీట్ పూర్తి చేస్తే చాలంటున్నారు. నిన్న ద్వారకానగర్‌లో పుస్తకాల షాపులన్నీ తిరిగి, ఏదీ కొనకుండా పునుగులు తిని వచ్చేశా. పైథాన్ వచ్చు, జావా అంతంతమాత్రం. ఒక్కటే చెప్పండి, రెండూ చదువు అనే సలహా మాత్రం వద్దు.

రోజుకో ప్రాబ్లమ్:
పుస్తకం వద్దు బ్రో. దాని ఆరో ఎడిషన్ వచ్చింది 2015లో. 189 ప్రశ్నలు, జవాబులు జావాలో, నీదేమో పైథాన్. నువ్వు రాసిన కోడ్ కరెక్టో కాదో పుస్తకం చెప్పదు, సైట్‌లో సబ్మిట్ కొడితే ఏ టెస్ట్ కేసులో పోయిందో మొహం మీదే చెప్తుంది. పైగా ఇప్పుడు చాలాచోట్ల మొదటి రౌండే ఆన్‌లైన్ టెస్ట్, అక్కడ పెన్నూ పేపరూ ఎవడిస్తాడు?

పాత సీనియర్:
ఇది ఏటి తమ్ముడూ, షీట్ ఒక్కటే నమ్ముకుని నేను మునిగా. ఆరేళ్ల కిందట, ఋషికొండ ఐటీ హిల్స్ మీద ఒక కంపెనీలో ఇంటర్వ్యూ. ఒక స్ట్రింగ్‌లో, అంటే అక్షరాల వరుసలో, ఏ అక్షరమూ రెండోసారి రాని అతి పొడవైన ముక్క ఎంతుందో చెప్పాలి, అదీ ప్రశ్న. ముందు వారమే చేసిన ప్రాబ్లమ్, వినగానే ప్రాణం లేచొచ్చింది. స్లైడింగ్ విండో, అంటే స్ట్రింగ్ మీద ఒక కిటికీ జరుపుకుంటూ పోవడం, ప్రతి అక్షరం చివరిసారి ఎక్కడ కనిపించిందో డిక్షనరీ అనే పట్టికలో రాసుకోవడం, మళ్లీ కనిపిస్తే కిటికీ ఎడమ అంచుని, అంటే లెఫ్ట్‌ని, ఆ పాత చోటు పక్కకి జరపడం, గడగడా బోర్డు మీద రాసేశా. ఇంటర్వ్యూ చేసే ఆయన నవ్వి, 'అబ్బ అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి నడిపించు బాబూ' అన్నారు. ఏ, బీ, బీ, ఏ. సున్నా నుంచి లెక్కేసుకోండి. రెండో బీ దగ్గర లెఫ్ట్ 2కి వచ్చింది, బాగానే ఉంది. చివరి ఏ దగ్గరకొచ్చేసరికి, ఏ అంతకుముందు 0లో ఉంది కాబట్టి లెఫ్ట్ 1కి పోయింది, అంటే వెనక్కి! 2 రావాల్సిన జవాబు 3 వచ్చింది. పాత లెఫ్టూ కొత్త లెఫ్టూ రెంటిలో పెద్దది తీసుకోవాలి, ఆ ఒక్క మ్యాక్స్ నేను రాయలేదు. మర్చిపోయా అనడం కూడా అబద్ధమే, అది అక్కడ ఎందుకుందో నాకు ఎప్పుడూ తెలీదు. అబ్బా అనుకుంటూ కొండ దిగా.

రోజుకో ప్రాబ్లమ్:
అన్నా, పుస్తకం చదివుంటే అది దొరికేదా? సైట్‌లో సబ్మిట్ చేసుంటే ఆ కేసే నిన్ను పట్టుకునేది కదా.

పాత సీనియర్:
చేశా తమ్ముడూ, అన్ని కేసులూ పాసని గ్రీన్ వచ్చింది. సొల్యూషన్ పక్కన పెట్టుకుని టైప్ చేస్తే గ్రీన్ రాక ఇంకేం వస్తుంది?

సీ ప్లస్ ప్లస్ పిచ్చి:
ఇవన్నీ కాదు, కోర్మెన్ వాళ్ల అల్గారిథమ్స్ పుస్తకం చదవండి. బేస్ గట్టిపడితే ఏదైనా చేస్తారు.

రోజుకో ప్రాబ్లమ్:
వెయ్యి పేజీలు దాటిన పుస్తకం, నాలుగు నెలల్లో, ప్రాజెక్ట్ రివ్యూలు పెట్టుకుని. పాపం వాణ్ణి వదిలేయండి బాబూ.

మధురవాడ అక్క:
నేను ఇప్పుడు టేబుల్‌కి అటువైపు కూర్చుంటున్నా, అంటే ఇంటర్వ్యూలు తీసుకుంటా. ముందు నువ్వు వెళ్లేది ఎక్కడికో తేల్చుకో. సర్వీస్ కంపెనీల పెద్ద డ్రైవ్‌లకైతే ఆప్టిట్యూడ్, ఒక మోస్తరు కోడింగ్ చాలు, ఈ గొడవే అక్కర్లేదు. ప్రోడక్ట్ కంపెనీ అయితే నా ఓటు పుస్తకానికే, కానీ ఆ 189 ప్రశ్నల కోసం కాదు. రాసిన గేల్ లాక్‌మన్ మెక్‌డోవెల్ గూగుల్‌లో ఇంజనీరుగా చేసిన మనిషి, అటువైపు వాళ్లు ఏం చూస్తారో ప్రశ్నల కంటే ముందే రాసింది. శ్రద్ధగా విను, ఉదాహరణ రాయి, ముందు బ్రూట్ ఫోర్స్, అంటే అన్నీ ఒక్కొక్కటిగా చూసే మొరటు పద్ధతి చెప్పు, తర్వాత మెరుగుపరచు, చేత్తో ఒకసారి నడిపించు, అప్పుడు కోడ్, ఆఖర్న టెస్ట్. పాత సీనియర్ గారు ఆ 'చేత్తో నడిపించు' దగ్గరే పడ్డారు. నేనూ తెలుగు మీడియమే, మొదట్లో బోర్డు ముందు మూగనోము పట్టేదాన్ని. నా ముందుకి వచ్చే పిల్లల్లో చాలామందికి కోడ్ వచ్చు, ఎందుకలా రాశావంటే మాత్రం నోరు పెగలదు. ఎన్, అంటే ఇన్‌పుట్ సైజు, లక్ష దాకా ఉంటుందని ప్రశ్నలోనే ఉంటుంది. రెండు లూపులు ఒకదాంట్లో ఒకటి పెడితే వెయ్యి కోట్ల సార్లు తిరగాలి, టైమ్ అవుట్ అవుతుందని ఆ ఒక్క అంకె చూసి చెప్పేవాళ్లు ఎంత తక్కువో. జావా అని భయం వద్దు, జవాబుల పైథాన్ కోడ్ గిట్‌హబ్ సైట్‌లో ఉచితంగానే ఉంది.

భీమిలి బస్సు:
పైథాన్ కావాలంటే 'ఎలిమెంట్స్ ఆఫ్ ప్రోగ్రామింగ్ ఇంటర్వ్యూస్'కి పైథాన్ ఎడిషనే ఉంది. కాకపోతే గట్టి సరుకు, మొదటి పుస్తకంగా పట్టుకుంటే మూడో రోజుకే అటక ఎక్కుతుంది. నాది అక్కడే ఉంది.

రోజుకో ప్రాబ్లమ్:
అక్కా, ఆ ఏడు ముక్కలు ఒక కాగితం మీద రాసుకుంటే సరిపోయే దానికి అంత లావు పుస్తకం ఎందుకని నా బాధ. ఆన్‌లైన్ టెస్ట్ దాటకపోతే మీ టేబుల్ దాకా వచ్చేదెవరు?

మధురవాడ అక్క:
అది నిజమే, కాదనను. అయితే ఆ కాగితం గోడకి అంటించుకుని ఎవరికి చెప్తావ్, ఫ్యానుకా?

గాజువాక గుంటడు:
సరే, తేలింది. షీటే చేస్తా, కానీ సొల్యూషన్ చూసిన ప్రతిదీ మర్నాడు కాగితం మీద మళ్లీ రాసి చేత్తో నడిపిస్తా. పుస్తకం మా రూమ్మేట్ అన్నయ్య దగ్గర ఉందట, ముందు అధ్యాయాల వరకూ అడిగి చదువుతా. ఇక ఎదురుగా కూర్చుని ఎందుకు, ఎందుకు అని పీక్కుతినే మనిషి కావాలి. శనివారం సాయంత్రం ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీ బయట, ఎవరైనా వస్తారా?

రోజుకో ప్రాబ్లమ్:
నేనొస్తా. పెన్ను నువ్వే తెచ్చుకో, పునుగులు కూడా నీ ఖర్చే. మొదటి టెస్ట్ కేసు 'అబ్బ'.