సంక్రాంతి సెలవుల్లో నేపాల్: పెద్దావిడతో, పిల్లలతో వెళ్లవచ్చా?

కృష్ణాతీరం, విజయవాడ:

మా కుటుంబం సంక్రాంతి సెలవుల్లో నేపాల్ వెళ్లాలని ఆగస్టులోనే నిర్ణయించుకుని ట్రావెల్స్ వారికి అడ్వాన్సు కట్టింది. పశుపతినాథుని దర్శనం, పోఖరా, అక్కడి నుంచి హిమాలయాల్లో ఉన్న ముక్తినాథ్ ఆలయం, చివరకు లుంబిని అనుకున్నాం. నేను, మావారు, పదమూడేళ్ల బాబు, ఎనిమిదేళ్ల పాప, డెబ్బై ఒకటో ఏట ఉన్న మా అత్తగారు ప్రయాణం చేయాలి. అత్తగారికి బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి. ఆవిడకు ముక్తినాథ్ చూడాలని ఇరవై ఏళ్ల కోరిక.

2025 సెప్టెంబరు 8న ఖాట్మండులో యువత నిరసనపై జరిగిన కాల్పులు, మరునాడు పార్లమెంటు, ప్రభుత్వ సచివాలయమైన సింహదర్బార్ తగలబడడం, ప్రధాని ఓలీ రాజీనామా చేయడం టీవీలో చూసిన రోజు నుంచి నాకు నిద్ర సరిగా పట్టడం లేదు. సుశీలా కార్కీ గారి తాత్కాలిక ప్రభుత్వం వచ్చాక పరిస్థితి కుదుటపడిందని, 2026 మార్చి 5న ఎన్నికలని చదివాను. అయితే మొన్న నవంబరులో సిమరాలో మళ్లీ ఘర్షణ జరిగి కర్ఫ్యూ పెట్టారట. రెండో వాయిదా ఈ వారంలోనే కట్టాలని ట్రావెల్స్ వారు అడుగుతున్నారు. అంతా మామూలుగానే ఉందన్న మాట తప్ప వారి నుంచి వివరం ఏమీ రావడం లేదు. ఈ మధ్య వెళ్లి వచ్చినవారు, విషయం తెలిసినవారు మనసులో మాట దాచకుండా చెప్పగలరు.

సీతమ్మధార వాసి, విశాఖపట్నం:

అమ్మా, సెప్టెంబరులో ఆ నాలుగు రోజులూ మేము ఖాట్మండులోనే ఉన్నాం కాబట్టి నేను చూసినదే చెబుతాను. యాత్రికులు ఎక్కువగా దిగే తమేల్ ప్రాంతంలో ఒక చిన్న హోటల్‌లో దిగాం. 9వ తేదీ మధ్యాహ్నం హోటల్ యజమాని వచ్చి ఇనుప షట్టరు సగం దించి, బయటి బోర్డు దీపాలు ఆర్పేసి, వీధివైపు కిటికీల దగ్గర ఎవరూ నిలబడవద్దని మెల్లగా చెప్పాడు. మేడ మీద ఆరేసిన బట్టలు తీసుకురావడానికి వెళ్లిన మా ఆవిడ చేతికి బట్టలతో పాటు నల్లటి మసి అంటుకుంది. ఆ సాయంత్రానికి విమానాశ్రయం మూసేశారు, సైన్యం వీధుల్లోకి వచ్చింది, కర్ఫ్యూ పెట్టారు. మమ్మల్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. యజమాని మూడు పూటలా పప్పూ అన్నం తన ఇంట్లోవారితో పాటు మాకూ పెట్టాడు, దానికి డబ్బు తీసుకోలేదు.

మాకు వచ్చిన కష్టం వేరు. మా నాన్నగారికి బీపీ మాత్రలు ప్రయాణం ఎన్ని రోజులో లెక్కపెట్టి అన్నే తెచ్చుకున్నాం. 10వ తేదీ ఉదయానికి పట్టీలో రెండు మిగిలాయి. మందుల దుకాణం వంద గజాల దూరంలో కనిపిస్తున్నా బయట కాలు పెట్టే వీలు లేదు. ఆయన ఒక మాత్రను రెండు ముక్కలు చేసి పూటకొకటి వేసుకోవడం నేను ఇప్పటికీ మరచిపోలేను. మన రాష్ట్ర ప్రభుత్వం 11న పంపిన ప్రత్యేక విమానంలో విశాఖ చేరాం కాబట్టి గండం గడిచింది, లేకపోతే ఏమయ్యేదో చెప్పలేను.

అందువల్ల నేను మిమ్మల్ని వెళ్లవద్దని అనను. ఏ ఊళ్లోనైనా నాలుగు రోజులు గది దాటకుండా ఉండవలసి వస్తే మీ అత్తగారు తట్టుకోగలరా అన్నది మాత్రం ముందుగా ఆలోచించండి. తట్టుకోగలరనుకుంటే, పదిహేను రోజులకు అదనంగా మందులు రెండు వేర్వేరు సంచుల్లో పెట్టి, కంపెనీ పెట్టిన పేరు కాకుండా మందు అసలు పేరుతో వైద్యుడు రాసిన చీటీ దగ్గర ఉంచుకోండి.

దారి తెలిసినవాడు, హైదరాబాదు:

నేను పదేళ్లుగా యాత్రికుల బృందాలను నేపాల్ తీసుకువెళుతున్నాను, అక్టోబరు చివరలో కూడా ఒకసారి వెళ్లి వచ్చాను. ఖాట్మండులో కాలిన భవనాల గోడలు అలాగే నల్లగా నిలబడి ఉన్నాయి కానీ, పశుపతినాథ్ ఆలయంలో, పోఖరా సరస్సు ఒడ్డున జనం ఎప్పటిలాగే ఉన్నారు. ఆ అల్లర్లు విదేశీయుల మీద ద్వేషంతో పుట్టినవి కావు. ప్రభుత్వం 26 సామాజిక మాధ్యమాలను నిషేధించడం, దానికి ముందు నుంచే నాయకుల అవినీతి మీద, వారి పిల్లల విలాసాల మీద పేరుకుపోయిన కోపం వాటికి కారణం. అలాగని మనవారికి హాని జరగలేదని చెప్పను. నిప్పంటుకున్న హోటల్ నుంచి తప్పించుకోబోయి భారతీయ యాత్రికురాలు ఒకరు ప్రాణం పోగొట్టుకున్నారు. ఆ రోజుల్లో జైళ్ల నుంచి పదమూడు వేల మందికి పైగా ఖైదీలు తప్పించుకున్నారు, వారిలో చాలామంది 2025 నవంబరు నాటికి కూడా దొరకలేదు. కాబట్టి చీకటి పడ్డాక తెలియని వీధుల్లో తిరగకుండా ఉండటం మంచిది.

సిమరా సంగతి. అది బారా జిల్లాలో, రక్సౌల్ నుంచి బీర్‌గంజ్ మీదుగా వెళ్లే దారిలో ఉంటుంది. మీరు అటు పోవడం లేదు. ఎన్నికల వేడి ఫిబ్రవరిలో పెరుగుతుందని నా అంచనా, జనవరి మధ్యలో మీరు తిరిగి వచ్చేస్తారు.

నాకు అసలు భయం రాజకీయాల గురించి కాదు, రోడ్డు గురించి, ఎత్తు గురించి. 2024 ఆగస్టులో పోఖరా నుంచి ఖాట్మండు వెళుతున్న బస్సు మర్స్యాంగ్డీ నదిలో పడి 27 మంది భారతీయ యాత్రికులు చనిపోయారు. ఆ దారిలో రాత్రి ప్రయాణం ఎంతమాత్రం పెట్టుకోవద్దు. ముక్తినాథ్ 3,700 మీటర్లకు పైన ఉంటుంది. జనవరిలో అక్కడ మంచు, ఎముకలు కొరికే చలి. 108 ధారల కింద స్నానం సంగతి అలా ఉంచండి, బీపీ ఉన్న పెద్దావిడకు అక్కడ ఊపిరి తీసుకోవడమే కష్టం కావచ్చు. ఆవిడ కోరిక తీర్చాలనుకుంటే ఏప్రిల్‌లోనో, వచ్చే అక్టోబరులోనో, వైద్యుడి మాట తీసుకుని వెళ్లండి.

ఇంకొక సలహా. వెళ్లేటప్పుడు విమానంలో ఖాట్మండు చేరి, వచ్చేటప్పుడు లుంబిని నుంచి సునౌలి సరిహద్దు దాటి గోరఖ్‌పూర్ చేరేలా ఏర్పాటు చేసుకోండి. అక్కడి నుంచి విజయవాడకు వారంలో కొన్ని రోజులు రాప్తీసాగర్ ఎక్స్‌ప్రెస్ ఉంది. సెప్టెంబరులో విమానాశ్రయం మూసినప్పుడు సునౌలి, రక్సౌల్, పానీటంకీ మీదుగా నడిచి దాటి వచ్చినవారు ఎందరో ఉన్నారు. రెండు దారులు తెలిసి ఉంటే గుండె కాస్త నిబ్బరంగా ఉంటుంది.

పాలసీ గుమస్తా, వరంగల్:

బీమా పని చేస్తున్నవాడిగా ఒక్క విషయం మనవి చేస్తాను. ప్రయాణ బీమా ఉంటే చాలునని చాలామంది అనుకుంటారు. అందరికీ తెలిసిన అల్లర్ల తరువాత పాలసీ కొని, ఆ అల్లర్ల కారణంగానే ప్రయాణం మానుకున్నామంటే కంపెనీ సాధారణంగా డబ్బు ఇవ్వదు. భయం వేసి మానుకుంటే అసలే రాదు. విదేశాంగ శాఖ సెప్టెంబరులో చేసినట్లుగా, నేపాల్ ప్రయాణం వాయిదా వేసుకోమని ప్రకటించిన సమయంలో వెళ్లినవారికి కూడా ఇబ్బందే. అందుచేత రెండో వాయిదా కట్టే ముందు, ఏ తేదీ లోపు మానుకుంటే ఎంత తిరిగి ఇస్తారో ట్రావెల్స్ వారి చేత కాగితం మీద రాయించుకోండి. నోటి మాట నమ్మకండి. వైద్య ఖర్చులకు మాత్రం పాలసీ తప్పక తీసుకోండి, అందులో మీ అత్తగారి బీపీ, షుగర్ దాచకుండా రాయండి.

కృష్ణాతీరం, విజయవాడ:

ముగ్గురికీ నమస్కారాలు. సగం చేసిన మాత్ర సంగతి అత్తగారికి చదివి వినిపించాను. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, ముక్తినాథుడు ఎక్కడికీ పోడు, పిల్లలకు పశుపతినాథుణ్ణి, బుద్ధుడు పుట్టిన చోటును చూపించి తీసుకొద్దాం అన్నారు. ముక్తినాథ్ తీసేసి, ఖాట్మండు రెండు రాత్రులు, పోఖరా రెండు, లుంబిని ఒకటి పెట్టి, సునౌలి మీదుగా రమ్మంటే కుదురుతుందేమో రేపు ట్రావెల్స్ వారిని అడుగుతాను. డబ్బు తిరిగి ఇచ్చే తేదీ రాసి ఇవ్వకపోతే అడ్వాన్సు పోయినా సరే మానుకుంటాం. ఒక సందేహం మిగిలింది. మావారికి, నాకు పాస్‌పోర్టులు ఉన్నాయి, అత్తగారికి, పిల్లలకు ఆధార్ మాత్రమే ఉంది. విమానం ఎక్కనిస్తారా?

దారి తెలిసినవాడు, హైదరాబాదు:

అరవై అయిదు దాటినవారికి, పదిహేను నిండనివారికి ఫొటో ఉన్న ఆధార్ సరిపోతుంది, మిగిలిన పెద్దలకు మాత్రం పాస్‌పోర్టో, ఓటరు గుర్తింపు కార్డో ఉండాలి. పిల్లల జనన ధ్రువపత్రాలు కూడా వెంట ఉంచుకోండి. నేపాల్‌లో ఖర్చుకు మన వంద రూపాయల నోట్లు తీసుకువెళ్లండి, ఒక్కో నోటుకు అక్కడి 160 రూపాయలు వస్తాయి. బయలుదేరే ముందు రాత్రి భారత రాయబార కార్యాలయం వారి ప్రకటన ఒకసారి చూసుకుని, వారి అత్యవసర నంబరు బాబు చేత కాగితం మీద రాయించి అత్తగారి సంచిలో పెట్టండి. ఫోనులో ఛార్జింగ్ అయిపోయినా కాగితం ఉంటుంది.