సమస్య: నిప్పు లేనిచోట నిండెఁ బొగలు

నిర్వహణ: ఇచ్చిన చివరి పాదానికి ముందు మూడు పాదాలు రాసి, అందులోని విరోధాన్ని తీర్చే సమస్యాపూరణం ఇది; రాసేవాళ్ళను వాళ్ళ బెంగళూరు పేట పేరుతో పిలుస్తాం. ఈసారి ఊతం ‘ఫ్యూమ్’ అనే ఇంగ్లీషు మాట. విషపు ఆవిరికీ అదే, లోపల ఉడికే కోపానికీ అదే. లాటిన్ ఫ్యూమస్, మన ధూమం ఒకే మూలం నుంచి వచ్చినవి. పొగ ఉంటే నిప్పు ఉన్నట్టేనని తర్కశాస్త్రం అంటుంది, సామెతా అంటుంది. ఆ విరోధం తీరాలి. ‘ఫ్యూమ్’ మాట పద్యంలో వాడకూడదు.

ఛందస్సు ఆటవెలది. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు (చిన్న అక్షరగుంపులు), రెండు ఇంద్రగణాలు (పెద్దవి). 2, 4 పాదాల్లో ఐదూ సూర్యగణాలే. పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ యతి (ధ్వని పొత్తు) కుదరాలి. ‘నిండె’ ద్రుతాంతం (చివర ‘న్’ ఉన్న మాట) కనుక ‘పొగలు’ ‘బొగలు’ అయింది. దాన్ని దిద్దకండి.

బసవనగుడి:
ఒకటి యాసిడగుచు నొకటి యమ్మోనియా
మూతఁ దీసి రెంటి మూతిఁ జేర్ప
తెల్లనైన మబ్బు తెరవోలె లేచెరా
నిప్పు లేనిచోట నిండెఁ బొగలు

నిర్వహణ: విరోధం పూర్తిగా తీరింది. బాత్రూం యాసిడ్ నుంచి లేచే హైడ్రోజన్ క్లోరైడ్, అమ్మోనియా గాలిలో కలిసి అమ్మోనియం క్లోరైడ్ రేణువులవుతాయి. కళాయి వేసేవాళ్ళ నవాసారం అదే. తెల్లమబ్బు అనడం వర్ణన కాదు, నిజం. ‘లేచెరా’లో ‘రా’ మాత్రం గణం నింపడానికి వచ్చి కూర్చుంది. ‘తెర లేచె నంతలో’ అంటే గణాలూ సరిపోతాయి (సల, ర అనే ఇంద్రగణాలు), వేగమూ వస్తుంది.

మల్లేశ్వరం: అమ్మోనియాకు బదులు బ్లీచింగ్ పొడి పెట్టొచ్చా అండీ?

బసవనగుడి: పద్యంలోనూ వద్దు, బాత్రూంలో అసలే వద్దు. యాసిడ్ తగిలితే బ్లీచింగ్ పొడి నుంచి క్లోరిన్ వస్తుంది. ఆకుపచ్చ కలిసిన పసుపు రంగు వాయువు. కొద్దిపాటిగా ఉంటే కంటికి ఆనదు, గొంతుకే తెలుస్తుంది. ‘నిండెఁ బొగలు’ అబద్ధమవుతుంది.

మల్లేశ్వరం: అయితే కోపం మీదే నా పూరణ.
పళ్ళు కొఱికి కొఱికి పలుకక కూర్చుండె
ముక్కుపుటము లదర ముడిచి బొమలు
కోప మెల్ల లోనఁ గుతకుత లాడఁగా
నిప్పు లేనిచోట నిండెఁ బొగలు

నిర్వహణ: యతులు బాగున్నాయి. ‘కో’కు ‘గు’ చెల్లుతుంది. ‘కూర్చుండె’ దగ్గర వాక్యం తెగిపోయింది, ‘కూర్చుండ’ చేయండి. పెద్ద చిక్కు మూడో పాదంలో ఉంది. క్రోధాగ్ని అని మనమే అంటాం; కుతకుతలాడిందంటే కింద నిప్పున్నట్టే. కోపాన్ని పేరు పెట్టి చెప్పకుండా ఇలా చూడండి:
పొయ్యి యంటలేదు, పులుసు పొంగఁగ లేదు
ఇప్పుడు నిప్పు లేనిది పొయ్యిలో, పొగ మనిషిది. పొ–పు యతి. గణాలు: పొయ్యి, యంట, లేదు, పులుసుపొం (నగ), గఁగలేదు (సల).

మల్లేశ్వరం: బాగుందండీ. కూర్చున్నది అత్తగారో మామగారో చెప్పకపోవడమే మేలు.

పీణ్య:
జింకుపూత గొట్ట మతికించుచుండగా
మంట లేదు, కంటిమంట గాని
తెల్లపొడిగ మారి తేలె జింకావిరి
నిప్పు లేనిచోట నిండెఁ బొగలు

నిర్వహణ: మొదటి పాదంలో యతి పోయింది. ‘జిం’కు ‘గొట్టము + అతికించు’లో అకారం ఎలా కుదురుతుంది? ‘జింకుపూత యినుముఁ జేర్చి వెల్డింగ్ సేయ’ అనొచ్చు, జిం–జే. మూడో పాదం మాత్రం ఈ వారం అన్నిటికన్నా నాకు నచ్చింది. పనిచోట్ల ఆరోగ్యం చూసేవాళ్ళు ఫ్యూమ్ అనేది సరిగ్గా దీన్నే: ఆవిరైన లోహం చల్లబడి, గాలిలో ఆక్సీకరణ చెంది, సన్నటి ఘనరేణువులుగా తేలడం.

బసవనగుడి: రవ్వలు రాలే చోట నిప్పు లేదంటే ఎలా?

పీణ్య: రవ్వ అంటే కరిగిన లోహపు చుక్క, అక్కడ వెలిగేది ఆర్కు (వెల్డింగ్‌లో పుట్టే కరెంటు మెరుపు). జింకు 907 డిగ్రీల సెల్సియస్‌కే మరిగిపోతుంది, ఇనుము కరగడానికి 1,538 కావాలి. అంటే అతుకు పడేలోపే పూత ఆవిరవుతుంది. ఆ పొగ పీల్చినవాడికి అప్పుడేమీ తెలియదు. కొన్ని గంటలయ్యాక చలి, జ్వరం, నోట్లో లోహపు రుచి. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. అతుకుకు అటూ ఇటూ అంగుళానికి తక్కువ కాకుండా పూత గీకేయాలి. పొగను పుట్టిన చోటే లాగేసే గొట్టం పెట్టాలి. గుడ్డమాస్కు ఆ రేణువులను ఆపదు. ‘కంటిమంట’ కూడా ఊరికే రాలేదు, అద్దం లేకుండా ఆర్కు చూస్తే రాత్రికి కళ్ళల్లో ఇసుక పోసినట్టుంటుంది.

నిర్వహణ: శాస్త్రం పీణ్య గారిది, లోకవ్యవహారం బసవనగుడి గారిది. రవ్వను నిప్పురవ్వ అనే జనం ముందు ఈ పూరణ సగమే నిలుస్తుంది. బసవనగుడి గారి పద్యం దిద్దిన పాఠంతో మొదటిది.

వచ్చేసారికి సమస్య: నీటిలోన మండె నిప్పు నేడు. 2015లో బెళ్ళందూరు చెరువు మీద నురగే అంటుకుని మండింది కనుక, ఆ చెరువు మాట రాకుండా పూరించాలి.