శుక్లం తీసిన కంటికి నీటికాసులు అంటున్నారు, అమ్మ చుక్కల మందు మానేసింది

ప్రశ్న (పరకాల పత్తిచేను):

మాది పరకాల దగ్గరి పల్లె. మా అమ్మకు 66 ఏళ్లు. నాలుగేళ్ల కిందట కుడి కంటికి శుక్లం ఆపరేషన్ చేయించి లెన్సు పెట్టించాము. మరునాడు పట్టీ విప్పగానే గోడమీది క్యాలెండర్‌లో తేదీలు చదివి, మా చిన్నబాపు మీసం ఎప్పుడు నెరిసిందని అడిగి అందరినీ నవ్వించింది. ఇప్పుడు ఎడమ కన్ను మసకబారిందని హనుమకొండలో చూపిస్తే, ఎడమ కంట్లో శుక్లం ఉన్నదని, అంతకన్నా ముఖ్యంగా రెండు కళ్లలోనూ ప్రెషర్ ఎక్కువై (కుడి 28, ఎడమ 26) కుడి కంటి నరం కొంత దెబ్బతిన్నదని, అది నీటికాసుల (గ్లాకోమా) జబ్బని చెప్పి, రాత్రిపూట వేసుకోవడానికి చుక్కల మందు రాశారు. నెల రోజులు వేసుకున్నా చూపు రవ్వంత కూడా మెరుగుపడలేదని అమ్మ ఆ సీసాను పక్కన పెట్టేసింది.

నాలుగేళ్ల కిందటి ఆపరేషన్ వల్లనే ఈ జబ్బు వచ్చిందా? శుక్లం తీసినట్టే దీన్ని కూడా ఆపరేషన్‌తో తీసివేసి చూపు తెప్పించలేరా? ఎడమ కంటి శుక్లం బాగా ముదిరాకే తీయించాలని ఊళ్లో పెద్దలంటున్న మాట ఎంతవరకు నిజం?

జవాబు (కంటి పరీక్షల గది, హనుమకొండ):

నేను వైద్యుడిని కాను, కంటి పరీక్షలు చేసే ఉద్యోగిని. ముందుగా మీ అమ్మగారిని ఈ వారంలోనే మళ్లీ డాక్టరుకు చూపించి మందు తిరిగి మొదలుపెట్టించండి. మిగతాది తీరిగ్గా చదువుకోవచ్చు.

శుక్లం కంటి లెన్సుకు వస్తుంది, నీటికాసులు కంటి నరానికి వస్తాయి. కనుపాప వెనుకనున్న సహజమైన లెన్సులోని ప్రోటీన్లు వయసుతో గడ్డకట్టి తెల్లబారితే వెలుతురు లోపలికి సరిగా పోదు. ఆ లెన్సును తీసి కృత్రిమ లెన్సు అమర్చితే, వెనుకనున్న తెర, నరం బాగున్నంతవరకు చూపు తిరిగి వస్తుంది. నీటికాసుల సంగతి వేరు. కంటి లోపల పలుచని నీరొకటి నిరంతరం ఊరుతూ, నల్లగుడ్డు అంచున జల్లెడ వంటి దారిగుండా బయటికి పోతుంటుంది. (కన్నీళ్లకూ ఈ నీటికీ సంబంధం లేదు, పేరు విని కంట్లో నీళ్లు కారడమే ఆ జబ్బనుకునేవారు మా దగ్గరికి రోజూ వస్తుంటారు.) ఆ దారి బిగుసుకుంటే లోపలి ప్రెషర్ పెరిగి, కంటి నుంచి మెదడుకు పోయే నరంలోని పోగులు ఒక్కొక్కటిగా చచ్చిపోతాయి, చచ్చిన పోగు మళ్లీ మొలవదు. ప్రెషర్ సాధారణంగా 10 నుంచి 21 పాదరస మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. అయితే 21 లోపే ఉన్నా నరం దెబ్బతినేవారున్నారు కాబట్టి ఆ అంకె ఒక్కటే చూసి తేల్చరు, నరాన్ని చూస్తారు, ఫీల్డు పరీక్ష (చుట్టూ ఎంతమేర కనిపిస్తున్నదో చూసే పరీక్ష) చేస్తారు.

అందుకే ఆ చుక్కల మందు చూపు పెంచదు, ఉన్న చూపును కాపాడుతుంది. చూపు పెరగలేదని దాన్ని మానేయడం, ఒంట్లో బలం రాలేదని బీపీ మాత్ర మానేయడం వంటిదే. లేజర్ చేసినా, నీరు పోవడానికి కొత్త దారి తీసే ఆపరేషన్ చేసినా అవి ప్రెషర్ దించడానికే. పోయిన చూపును ఏదీ తేలేదు.

ఈ జబ్బు ఎక్కువమందిలో మొదట పక్కచూపును తింటుంది. ఎదురుగా ఉన్న క్యాలెండర్ చక్కగా కనిపిస్తూనే ఉంటుంది, ఒక కంటి లోటును రెండో కన్ను కప్పిపుచ్చుతుంది. 1996–2000 మధ్య ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఉమ్మడి రాష్ట్రంలో చేసిన అధ్యయనంలో ఆదిలాబాద్ జిల్లా పల్లెలు కూడా ఉన్నాయి. నీటికాసులు తేలినవారిలో అత్యధికులకు తమకా జబ్బున్నట్టే అంతవరకు తెలియదు.

ఇక శుక్లం ఆపరేషన్ వల్ల ఈ జబ్బు రావడం అరుదు. నీటి దారి ఇరుకుగా ఉన్న కళ్లలో ఉబ్బిన లెన్సును తీసేస్తే ఆ దారి వెడల్పవుతుంది కూడా. అయితే ఆపరేషన్ తరువాత రాసిన స్టెరాయిడ్ చుక్కలను చెప్పిన వారాలు దాటి వాడారా అన్నది తప్పక కనుక్కోండి, అవి కొందరిలో ప్రెషర్ పెంచుతాయి.

శుక్లం ముదిరేదాకా ఆగవలసిన పని లేదు. 1967లో చార్లెస్ కెల్మన్ మొదలుపెట్టిన ఫేకో పద్ధతిలో లెన్సును శబ్ద తరంగాలతో పొడి చేసి, మూడు మిల్లీమీటర్ల లోపు కోత నుంచే పీల్చేస్తారు. లెన్సు ఎంత గట్టిపడితే ఆ పని అంత కష్టం. మరీ ముదిరిన శుక్లం ఉబ్బి నీటి దారిని మూసేస్తే కన్ను ఎర్రబడి, భరించలేని తలనొప్పి, వాంతులు వస్తాయి. అప్పుడు తెల్లవారేదాకా కూడా ఆగకూడదు. పైగా మందమైన శుక్లం అడ్డుంటే వెనుకనున్న నరం డాక్టరుకు సరిగా కనిపించదు.

జవాబు (విశ్రాంత కార్మికుడు, మంచిర్యాల):

పెద్దల మాట ఎక్కడినుంచి వచ్చిందో చెప్తాను. మా నాయనమ్మకు శిబిరంలో ఆపరేషన్ చేసిన రోజుల్లో లెన్సును మొత్తంగా పెకిలించి తీసి, సోడాబుడ్డి అద్దాలిచ్చి పంపేవారు. లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ 1949లోనే కంట్లో లెన్సు అమర్చినా, అది మన పల్లెలకు చేరడానికి చాలా కాలం పట్టింది. ఆ అద్దాలతో అవస్థ పడటంకన్నా ఉన్న చూపుతో నెట్టుకురావడమే మేలని ఆగేవారు. అప్పటికి అది సరే, ఇప్పటికి కాదు.

జవాబు (విశ్రాంత ఉపాధ్యాయురాలు, జమ్మికుంట):

తమ్ముడూ, నేను 11 ఏళ్లుగా ఈ చుక్కలు వేసుకుంటున్నాను. రెండో ఏడు మీ అమ్మలాగే మూడు నెలలు మానేశాను, తరువాతి ఫీల్డు పరీక్షలో నల్లమచ్చ (చూపు పోయిన భాగం) పెద్దదైంది, అది అలాగే ఉండిపోయింది. అమ్మకు తన ఫీల్డు పరీక్ష కాగితం చూపించి చెప్పమని డాక్టరును అడగండి, మన మాటకన్నా అది బాగా పనిచేస్తుంది. కింది రెప్పను కొద్దిగా లాగి ఒక్క చుక్కే వేయాలి, కన్ను మూసి ముక్కు పక్కన మూలను రెండు నిమిషాలు వేలితో నొక్కి పట్టాలి. రెండు మందులుంటే మధ్య ఐదు నిమిషాలు ఆగాలి. ఆయాసం, ఉబ్బసం ఉంటే ముందే చెప్పండి, టిమోలాల్ అనే మందు అటువంటివారికి పడదు. ఇంకొకటి, ఇది రక్తసంబంధీకులకు వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి నీవు, నీ తోబుట్టువులు కూడా చూపించుకోవాలి.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న అమ్మను వరంగల్ ప్రాంతీయ కంటి ఆసుపత్రికి తీసుకుపోయాను. స్టెరాయిడ్ మాట చదివాక ఇంట్లో వెతికితే గూట్లో చిన్న సీసా దొరికింది. పత్తి ఏరేటప్పుడు కళ్లు దురద పెడితే, పాత చీటీ చూపించి మందుల దుకాణంలో అదే మందు కొనుక్కుంటూ రెండేళ్లుగా వేసుకుంటున్నదట. డాక్టరు ఆ సీసాను పక్కకు తీసిపెట్టి, జబ్బుకు ఇదొక్కటే కారణమని ఇప్పుడే చెప్పలేమన్నారు, కానీ ఇకపై తాకవద్దన్నారు. ఫీల్డు పరీక్ష కాగితంలోని నల్లని భాగాన్ని అమ్మకు వేలితో చూపించారు. రాత్రి అడగకుండానే నీటికాసుల మందు సీసా తెమ్మన్నది. ఎడమ కన్ను ఆపరేషన్ వచ్చే నెలలో. నా ప్రెషర్ 17 ఉన్నది, ఏడాదికొకసారి రమ్మన్నారు. అక్కను ఇంకా ఒప్పించవలసి ఉన్నది.