దండాకోరా, దండాకోలా?

మట్టికోట:
ఖిలా వరంగల్‌లో పెరిగినవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉంటే నన్ను ఈ బాధ నుంచి తప్పించండి. కీర్తితోరణాల నడుమ, విరిగిపడిన శివాలయం రాళ్ల వెనక దాక్కుంటూ మేము పాడుకున్న పాట ఇది.

దాగుడుమూతలు దండాకోర్
పిల్లి వచ్చె ఎలుక భద్రం
ఎక్కడి దొంగలు అక్కడే గప్‌చుప్
సాంబారుబుడ్డి

మొదటి పాదం చివర నాకు ‘కోర్’ అనే గుర్తు. మా అన్న మాత్రం ‘కోల్’ అని పట్టుబడుతున్నాడు. ఇద్దరం ఒకే తోరణం కింద ఆడినవాళ్లమే. ఏది అసలు రూపం? దాని అర్థం ఏమిటి? దాగుడుమూతల గురించి ఎవరూ నాకు వివరించనక్కరలేదు, ఆ ఒక్క అక్షరం చాలు.

హనుమకొండ చౌరస్తా:
కోలే. మీ అన్నకు నా నమస్కారం చెప్పండి. మునికోల, చేకోల, కోలాటం, వీటన్నిటిలో ఉన్న కోల అది. కళ్లు మూసే పెద్ద చేతిలో ఒక కర్ర ఉండేది, దొంగకు చిక్కకుండా వచ్చి దాన్ని ముట్టుకోవాలి. ఆ కర్రే దండకోల. పిల్లల నోట చివరి అచ్చు రాలిపోయింది, అంతే. మేము వేయిస్తంభాల గుడి ఆవరణలో ఆడేవాళ్లం. అక్కడ కర్ర కోసం వెతికే పని లేదు, ముట్టుకోవడానికి కావలసినన్ని స్తంభాలు.

నిఘంటువు పురుగు:
దండమూ కర్రే, కోలా కర్రే. ఒకే కర్రను రెండుసార్లు చెప్పవలసిన అవసరం పిల్లలకు ఏమొచ్చింది?

హనుమకొండ చౌరస్తా:
‘నట్టనడిమధ్య’ అన్నప్పుడు మీకు అడ్డురాని సందేహం ఇప్పుడెందుకు వచ్చింది సారూ?

కాజీపేట జంక్షన్:
మీ ఇద్దరూ సంస్కృతం, తెలుగు పెట్టెలే తెరిచారు. మూడో పెట్టె తెరవండి. మాది రైల్వే కాలనీ. గోడకు ఇటువైపు తెలుగు, అటువైపు ఉర్దూ, ఎదురుగా తమిళం. డండా అంటే కర్ర. డండే ఖానా అంటే దెబ్బలు తినడం. హరామ్‌ఖోర్‌లో ఉన్న ‘ఖోర్’ అంటే తినేవాడు. కాబట్టి డండాఖోర్ అంటే దెబ్బలు తినేవాడు, అంటే ఆటలో దొరికిపోయిన దొంగ. మా దగ్గర దొరికినవాడి వీపు ఎప్పుడూ ఖాళీగా ఉండేది కాదు. మూడో పాదంలోనే ‘గప్‌చుప్’ కూర్చుని ఉంది. దాన్ని రానిచ్చిన పాట ఖోర్‌ను గుమ్మం బయట నిలబెడుతుందా?

మట్టికోట:
ఇది బాగుంది! అన్నకు ఫోను చేయవచ్చా?

ఛందోవ్యసని:
తొందరపడకండి. డండా అయితే ‘డ’ ఏమైంది? మనవాళ్లు డబ్బాను దబ్బా అనలేదు, డేరాను దేరా అనలేదు. అరువు మాటల్లో మొదటి ‘డ’ను తెలుగు నోరు భద్రంగానే మోసింది. ఈ ఒక్క డండా మాత్రం దండా ఎలా అయింది?

నిఘంటువు పురుగు:
డ మెత్తబడడం మన భాషకు కొత్త కాదు. డిగు దిగు అయింది, డాయు దాయు అయింది, డప్పి దప్పి అయింది. అంతెందుకు, మన ఆట పేరే సాక్ష్యం. పాత రూపం డాగు, తర్వాతిది దాగు.

ఛందోవ్యసని:
అది అచ్చతెలుగు ధాతువుల సంగతి, ఉర్దూ మన వీధుల్లోకి రాకముందే మొదలైన మార్పు. ఎప్పుడో వెళ్లిపోయిన బండిని కాజీపేటలో నిలబడి ఎక్కుతామంటే ఎలా?

కాజీపేట జంక్షన్:
కాజీపేటలో ఆలస్యంగా వచ్చే బండ్లూ ఉంటాయి సారూ. ‘దాగుడు’ పక్కన నిలబడినందుకు ‘డండా’ కూడా ‘ద’ అయింది. పిల్లల పాటలో ప్రాస ముందు వ్యుత్పత్తి ఎంత?

పద్మాక్షి గుట్ట:
నా మాట కూడా వినండి. దండు అంటే సేన. ‘దండు కోరు’ అంటే నీ జట్టును కోరుకో అని. కాకతీయుల ఊరిలో పిల్లల ఆటలోకి దండు రావడంలో వింత ఏముంది? నాయకులిద్దరూ పంటలు వేసుకుని, ఒక్కొక్కరినే కోరుకుని జట్లు కట్టేవాళ్లం. సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుండం దగ్గర పెద్దవాళ్లు బతుకమ్మల చుట్టూ తిరుగుతుంటే, మేము ఆ గుట్ట రాళ్ల వెనక ఇదే ఆట. పట్టుపావడాలతో పాకుతూ దాక్కుని ఇంటికి వచ్చాక తిన్న చీవాట్లు కూడా పాటలో భాగమే అనుకోండి.

హనుమకొండ చౌరస్తా:
అక్కా, దాగుడుమూతలకు జట్లు ఎక్కడివి? దొంగ ఒక్కడే కదా. మీరు చెడుగుడుతో కలిపేస్తున్నారు.

పద్మాక్షి గుట్ట:
మీ వీధిలో ఒక్కడేమో. మా వాడకట్టులో దొంగలకు కొదవ లేదు తమ్ముడూ.

గోదారి గట్టు:
రాజమండ్రి నుంచి ఒక మాట. ఉర్దూ వినబడని మా వీధుల్లో కూడా ఈ పాట ‘కోర్’ అనే పాడారు. కోటిలింగాల రేవు మెట్ల మీద నేనే పాడాను. ఖోర్ సిద్ధాంతం నిలవాలంటే అది వరంగల్ నుంచి గోదావరి దాకా ఎలా నడిచి వచ్చిందో కాజీపేట వారు చెప్పాలి. ఇంకొకటి, ‘సాంబారుబుడ్డి’ సంగతి ఎవరూ ఎత్తరేమిటి? మీ వైపు పాత ఇళ్లలో పప్పుచారే కానీ సాంబారు ఎక్కడ? పాట దక్షిణం నుంచి వచ్చిందేమో అని నా అనుమానం.

కాజీపేట జంక్షన్:
ఎలా నడిచిందా? నడవలేదు, రైలెక్కింది. సాంబారు కూడా అదే రైలులో వచ్చింది. ఎదురింటి తమిళం గురించి మొదటే చెప్పాను.

నిఘంటువు పురుగు:
సాంబారు వదిలేయండి, అది గప్‌చుప్ తర్వాత ఊపిరి తీసుకోవడానికి పెట్టుకున్న మాట. అసలు సొగసు ‘దొంగలు’ అనడంలో ఉంది. దాక్కున్నవాళ్లను దొంగలంటున్నాం, వెతికేవాణ్నీ దొంగ అంటున్నాం. ఈ గందరగోళం ఈనాటిది కాదు. ఈ ఆటకు ‘దాగిలిముచ్చులాట’ అనే పాత పేరు ఉంది. ముచ్చు అన్నా మ్రుచ్చు అన్నా దొంగే. ఆ మాట వాడుకలో వెనకబడ్డాక కూడా దొంగ ఆటను వదిలి వెళ్లలేదు.

ఛందోవ్యసని:
మ్రుచ్చు దాకా వచ్చి పోతనను తలచుకోకుండా ఎలా వెళ్తారు? దశమస్కంధంలో కృష్ణుడి ఆటల సీసం చూడండి. ‘నేఁ దస్కరుండ మీ రింటివారని నిద్ర పుచ్చి సొమ్ములు గొనిపోయి డాఁగు’. తస్కరుడంటే మీ ముచ్చే. సీసం చివర ఎత్తుగీతిగా వచ్చిన తేటగీతిలో మళ్లీ ‘మూల లుఱుకును డాఁగిలిమూఁత లాడు’. ఇప్పుడు మీ డకార దకారాల తగాదాకు వద్దాం. రెండు చోట్లా మనం ‘డా’ అని చదువుతున్నాం. కానీ యతి, అంటే మొదటి అక్షరంతో జత కలవవలసిన అక్షరం, ఎక్కడ పడిందో చూశారా? మొదటి చోట పుచ్చికీ పోయికీ. రెండో చోట మూలకూ మూతకూ. రెండుసార్లూ ‘డా’కు కాపలా లేదు. తేటగీతికి ప్రాస నియమమూ లేదు. రేపు ఎవరైనా ‘దా’ అని రాసినా ఛందస్సు చూసీ చూడనట్టు ఊరుకుంటుంది. దాక్కోవడం గురించిన మాట యతికి దొరకకుండా దాక్కుంది!

మట్టికోట:
అద్భుతం. ఇన్నేళ్లుగా ఆ పద్యం చదువుతూ యతి వైపు చూడనేలేదు. ఇంతకీ కోర్...

హనుమకొండ చౌరస్తా:
పోతన ఆ పద్యం రాసేటప్పుడు కళ్ల ముందు ఆడుతున్నది ఓరుగల్లు పిల్లలే. బమ్మెర ఎంత దూరం? పక్కనే పాలకుర్తి. మా అందరి మేనమామల ఊళ్లు ఆ చుట్టుపక్కలే.

ఒంటిమిట్ట కోదండం:
వచ్చేశాను. పోతన చెప్పిన ఏకశిలానగరం అంటే ఓరుగల్లేనని ఎవరు తేల్చారు? మా కోదండరాముడి గుడిలో విగ్రహాలు ఒకే శిలలో వెలసినవి. రాముడు కనబడి భాగవతం రాయమన్నాడని పోతన చెప్పుకున్నాడు కదా, ఏ రాముడు?

హనుమకొండ చౌరస్తా:
ఓరుగల్లు అన్న పేరులోనే ఒక కల్లు, అంటే ఒక రాయి, ఉంది, దాన్ని సంస్కృతం చేస్తే ఏకశిల. కోటలో ఆ రాయి ఇప్పటికీ ఉంది, ఎక్కి చూడండి. గ్రహణస్నానానికి గంగకు వెళ్లినవాడికి రాముడు అక్కడే కనబడ్డాడు, ఆ తర్వాత ఏకశిలానగరానికి తిరిగి వచ్చాడు. రాముణ్ని మీ గుడిలో కట్టిపడేయకండి.

ఒంటిమిట్ట కోదండం:
తిరిగి వచ్చినది మా ఊరికే. ఆ రాయి ఎక్కినవాళ్లంతా పోతనలు అయితే మీ ఊళ్లో ఈపాటికి పద్దెనిమిది పురాణాలూ పూర్తయ్యేవి.

నిఘంటువు పురుగు:
ఈ జగడం ఇక్కడ తెగదు. నేను ఒక్కటే అంటాను. ఆయన ఎక్కడివాడైనా ఆ ఆటలు అన్ని ఊళ్లవీ. కచ్చితంగా ఓరుగల్లు వీధులే కావాలంటే క్రీడాభిరామం అనే వీథినాటకం తెరవండి. మంచనశర్మ, టిట్టిభసెట్టి కలిసి ఒక్కరోజులో ఊరంతా చుట్టబెడతారు. కోడిపందెం, పొట్టేళ్ల పోరు, పల్నాటి వీరుల కథ పాడేవాళ్లు, పూటకూళ్ల ఇల్లు. పాత ఓరుగల్లు గురించి ఎవరి జ్ఞాపకాలూ దాని ముందు నిలవవు.

గోదారి గట్టు:
ఆ పూటకూళ్ల పద్యం! ‘లక్ష్మణవజ్ఝల యింట రూకకున్’. ఒక్క రూకకు కప్పురభోగి బియ్యపన్నం, గోధుమపిండివంట, పంచదార, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపళ్లు, పెరుగు. ఆకలిగా ఉన్నప్పుడు ఆ పద్యం చదవకూడదు. శ్రీనాథుడి చేయి తగలకపోతే అంత రుచి రాదు.

ఛందోవ్యసని:
శ్రీనాథుడి చేయా? కృతికర్త వినుకొండ వల్లభరాయుడు. వేటూరి ప్రభాకరశాస్త్రి గారు శ్రీనాథుడి వైపు వాదించారని తెలుసు. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం నా ఇష్టం. రుచిగా ఉన్న పద్యాలన్నీ శ్రీనాథుడి ఖాతాలో వేయడం మనకు అలవాటైపోయింది. పేదవాడు వల్లభరాయుడు ఒక్కటంటే ఒక్క మంచి భోజనం పెట్టకూడదా?

గోదారి గట్టు:
పెట్టవచ్చు. కానీ తిని రాసినవాడు శ్రీనాథుడే.

పద్మాక్షి గుట్ట:
మగవాళ్లు భోజనం దగ్గర చేరాక ఆటకు తిరిగిరారు. వేయిస్తంభాల గుడి అన్నారు కాబట్టి చెబుతాను. 1163 నాటి గుడి అది. అందులో కల్యాణమండపాన్ని 2006లో రాయి రాయిగా విప్పారు. మళ్లీ నిలబెట్టి తలుపులు తెరిచేసరికి 2024 శివరాత్రి. నా పిల్లలు ఆ మండపం చూడకుండానే పెద్దవాళ్లయ్యారు. మేము దాక్కున్న స్తంభాలే దాక్కున్నాయి. ఎంగిలిపూల బతుకమ్మకు వెళ్లిన ప్రతిసారీ ఆ ఖాళీ వైపు చూడలేక తల తిప్పుకునేదాన్ని.

హనుమకొండ చౌరస్తా:
నిజం అక్కా. ఆజంజాహి మిల్లు సైరను కూడా అలాగే పోయింది. మా మేనత్తల ఇల్లు మిల్లు దగ్గరే. ఆ సైరను కూస్తే ఎక్కడి దొంగలైనా బయటికి వచ్చి ఇంటికి పరుగెత్తవలసిందే, మామలు డ్యూటీ దిగి వచ్చే వేళ. ఆట ముగిసిందని చెప్పడానికి వేరే పాట అక్కరలేదు. 1934లో పెట్టిన మిల్లు, ఎన్ని ఇళ్లకు గడియారం అయిందో! ఆ కూతను ఎవరైనా రికార్డు చేసి ఉంచితే బాగుండేది.

కాజీపేట జంక్షన్:
మాకు సైరనుకు బదులు స్టీమ్ ఇంజన్ కూత. ఇంతకూ నా ఖోర్ మీద గోదారి వారు ఓటమి ఒప్పుకున్నట్టేనా?

గోదారి గట్టు:
సాంబారు తేలేదాకా ఒప్పుకోను.

నిఘంటువు పురుగు:
నేనైతే ‘దండాకోర్’కు అర్థమే లేదంటాను. ‘వీరి వీరి గుమ్మడిపండు, వీరి పేరేమి’ అన్నప్పుడు గుమ్మడిపండును ఎవరైనా వ్యుత్పత్తి అడిగారా? పిల్లల పాటలో సగం మాటలు లెక్క తప్పకుండా ఉండడానికి పుడతాయి. కళ్లు మూసుకున్న దొంగకు ఇంకా ఎంత సమయం ఉందో దాక్కునేవాడికి తెలియాలి. నిడివి సరిపోతే మాట సరిపోయినట్టే. కోర్ అన్నా కోల్ అన్నా ఒకే కాలం పడుతుంది.

ఛందోవ్యసని:
అర్థం లేదనడం నిఘంటువుకు సులభం. లెక్క అంటున్నారు కాబట్టి నేనూ లెక్కే వేస్తాను. ‘దాగుడుమూతలు’ ఎనిమిది మాత్రలు. ‘దండాకోర్’ ఆరు, చివర రెండు మాత్రల విరామం. విరామం ముందు ‘ర్’ మీద నాలుక వెంటనే దిగిపోతుంది, ‘ల్’ మీద సాగుతుంది. పరుగెత్తేవాడికి సాగదీసే తీరిక ఉండదు. కాబట్టి కోర్.

హనుమకొండ చౌరస్తా:
పరుగెత్తేది దాక్కునేవాడు, పాడేది కళ్లు మూసే పెద్ద. పెద్దకు కావలసినంత తీరిక. కాబట్టి కోల్.

పద్మాక్షి గుట్ట:
అది సరే కానీ, ఇందాకటి పోతన పద్యంలో ‘మూల లుఱుకును’ అంటే నాలుగు స్తంభాలాటేనా? నాలుగు మూలల్లో నలుగురు, నడుమ దొంగ, మూల మారేటప్పుడు ఉరకాలి. నాకైతే అదే కనబడుతోంది. ఆ తర్వాత ‘ఉయ్యలల నూఁగుఁ’, ఆపైన ఏవో చేమంతులు వస్తాయి.

ఛందోవ్యసని:
చేమంతులు కావు, చేబంతులు. చేతి బంతులు. ‘చేబంతు లొనర వైచు’. వైచు అంటే విసరడం.

పద్మాక్షి గుట్ట:
పూలబంతులూ విసురుకుంటారు కదా. పూలచెండ్లాట వినలేదా?

ఛందోవ్యసని:
విన్నాను. అయినా ఆ పూలు చేమంతులేనని పోతన మీతో చెప్పాడా?

ఒంటిమిట్ట కోదండం:
మా ఊళ్లో అయితే బంతిపూలు.